అంబు మీద తెల్ల గీత

ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యారని ఎవరైనా అడిగితే, "బాణాలకు రంగులు వేశాను" అంటాను. పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు మొదట నవ్వుతారు. తరువాత, నాటకాల కంపెనీనా అని అడుగుతారు. కాదండీ, నిజం బాణాలే, చేత్తో చేసిన వెదురు బాణాలు, గుచ్చుకుంటాయి కూడా అంటే కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంటారు. ఇరవై రెండేళ్ళు ఇదే పని చేశాను. ఇంకో పని చేసి ఉంటే బాగుండేదని ఎప్పుడూ అనిపించలేదు.

మా షెడ్డులో ఇప్పుడు నా స్టూలు మీద కొత్తవాళ్ళు కూర్చున్నారు. ఏ రంగు కొనాలి, ఏది కొనకూడదు అని వారానికి రెండుసార్లు ఫోను చేస్తారు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే రాస్తున్నాను. జీతం పెరిగిన సంగతులూ, శాలువా కప్పిన సంగతులూ ఇందులో ఉండవు. శాలువా మాత్రం బాగానే ఉంది, చలికాలంలో పనికొస్తోంది. ఒక తప్పు గురించి దాచకుండా రాస్తాను. నేను వేసిన ఒక్క తెల్ల పట్టీ వల్ల ఒక పిల్ల తన చూపును తానే నమ్మలేని స్థితికి వచ్చింది. రంగు ఎంచుకోవడమంటే డబ్బా మీది బొమ్మ చూసి కొనడం కాదని నాకు అప్పుడే తెలిసింది.

అంబు, అంబువు

మా నాన్న కోలారు బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. నాకు చిన్నప్పటినుంచీ అందంగా అక్షరాలు రాయడం పిచ్చి. గనులు నడిచిన రోజుల్లో బోర్డులు రాసే కాంట్రాక్టరు దగ్గర పనిచేశాను. "హెల్మెట్ లేకుండా లోపలికి పోరాదు" అని నాలుగు భాషల్లో రాసేదాన్ని. గనులు మూతపడ్డాక లోపలికి పోయేవాళ్ళూ లేరు, బోర్డు చదివేవాళ్ళూ లేరు. రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళకు బోర్డులు రాసి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. ఇంతలో ఫ్లెక్సులు వచ్చాయి. ఇంగ నా కుంచెకు పని లేకుండా పోయింది.

అప్పుడు పెరుమాళ్ మేస్త్రి కబురు పెట్టాడు. ఆయన గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే కొయ్యపనివాడు. ఇంట్లో తమిళం, బజారులో తెలుగు, కోపమొస్తే ఇంగ్లీషు మాట్లాడతాడు. గనులు పోయాక సినిమాహాలు వెనక సందులో రేకుల షెడ్డు వేసి, విలువిద్య నేర్చుకునే పిల్లలకు వెదురు విల్లులూ బాణాలూ చేయడం మొదలుపెట్టాడు. కర్ర చెక్కడం, వేడిచేసి వంకర తీయడం, ఈకలు అంటించడం ఆయన పని. పట్టీలు గీయడానికి మనిషి కావలసి వచ్చింది.

మొదటిరోజు నా చేతికి ఒక బాణం ఇచ్చి, "సరోజమ్మా, నీకు గీత గీసేది తెలుసు గదా. ఈ అంబుల మీద పట్టీలు గియ్యి. చెయ్యి వణకగూడదు, అంతే" అన్నాడు. అరవంలో బాణాన్ని అంబు అంటారు. సాయంత్రం ఇంటికెళ్ళి ఈ మాట చెబితే నాన్న తెగ నవ్వాడు. "మన పాత తెలుగులోనూ అంబు అంటే బాణమే. అంబువు అంటే నీళ్ళు. చూసుకో, పొరపాటున బాణాలకు నీళ్ళు పూసేవు" అన్నాడు. ఆయన ఎగతాళికే అన్నాడు. నా ఉద్యోగమంతా ఆ రెండు మాటల మధ్యే నడుస్తుందని మా ఇద్దరికీ అప్పుడు తెలియదు.

పట్టీలు అందం కోసమే అనుకుంటారు చాలామంది. అందం కూడా ముఖ్యమే, కాదనను. అసలు పని మాత్రం గుర్తు. ఒకే టార్గెట్ మీద ఇద్దరు ముగ్గురు వేస్తారు. అన్నీ అదే వెదురు, అవే ఈకలు. దగ్గరికెళ్ళి చూసినప్పుడు ఏది ఎవరిదో చెప్పేది ఈకల కింద ఉండే పట్టీలే. ఒకరికి నీలం మధ్యలో తెలుపు, ఇంకొకరికి రెండు ఆకుపచ్చలు, ఇలా ఎవరి గుర్తు వాళ్ళది. పట్టీ పోతే బాణం ఎవరిదో చెప్పేవాళ్ళుండరు. ఎవరిదో తెలియని బాణానికి పాయింట్లు రావు.

మేస్త్రీ, ఆయన ఎనామిలూ

పెరుమాళ్ మేస్త్రి పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆయనకు ఎనామిల్ తప్ప మరోటి రంగే కాదు. నీళ్ళలో కలిపే రంగు మాటెత్తితే, "అది గోడకు కొట్టేదమ్మా. మొన్న కొట్టింది, నిన్న గీరింది, ఈ దినం మళ్ళీ కొట్టేది" అనేవాడు.

ఎనామిల్ చెడ్డదని నేనూ అనను. గేట్లకు బ్రహ్మాండంగా ఉంటుంది. బాణం మీద మాత్రం అది మాకు రోజూ ఏదో ఒక తంటా తెచ్చేది. ఒక పట్టీ ఆరడానికి ఒక రోజు, ముసురు పడితే రెండు రోజులు. ఆ లోపల సందులోని దుమ్మంతా దాని మీదే కూర్చునేది. అంచు దగ్గర మందంగా గట్టు కట్టేది. మూడు పట్టీలు వేసేసరికి తోక బరువై, బాణం గాలిలో తూలినట్టు ఊగుతూ పోయేది. పైన వార్నిష్ కొడితే ఒక్కోసారి అడుగు రంగు మెత్తబడి, పాల మీద మీగడలా ముడుతలు పడేది. ఇంక వాసన సరేసరి. ఆ రేకుల షెడ్డులో మధ్యాహ్నం థిన్నర్ డబ్బా తెరిస్తే నాకు తలనొప్పి, ఆయనకు దగ్గు.

చెబితే వినే మనిషి కాడు కనుక చెప్పడం మానేశాను. పెయింట్ అంగడిలో చిన్న యాక్రిలిక్ డబ్బాలు మూడు కొని, ఆరు బాణాలకు ఆ నీళ్ళరంగుతో పట్టీలు గీసి, ఎనామిల్ వేసిన వాటిలో కలిపి పెట్టాను. మేస్త్రి ప్రతి శనివారం కళ్ళద్దాలు పెట్టుకుని బాణాలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, బాగున్నవి ఒక పక్క పెట్టేవాడు. ఆ రోజు నా ఆరూ బాగున్న పక్కకే పోయాయి. ఒకదాన్ని ఎత్తి చూపించి, "చూడు, ఎనామిల్ అంటే ఇట్లుండాల. అంచు చూడు, కత్తితో కోసినట్ల ఉండాది" అన్నాడు.

"అది నీళ్ళరంగు మేస్త్రీ" అన్నాను.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను వచ్చేసరికి ఎనామిల్ డబ్బాలన్నీ పై అర మీదికి ఎక్కించి ఉన్నాయి. "గేటుకు పనికొస్తాయి" అన్నాడు, నా వైపు చూడకుండా.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక మాట. మొండి యజమాని దొరికితే బెంగపడకండి. మొండివాడైనా తన కంటిని నమ్మేవాడైతే ఏదో ఒక రోజు దారికి వస్తాడు. ఏది చెప్పినా సరే సరే అనేవాడితోనే కష్టం, వాడికి బాగున్నదీ బాగాలేనిదీ ఒకటే.

డబ్బా కొనేముందు, మూత తీసేముందు

వెదురు తొడుక్కున్న చర్మం నున్నగా, మైనం పూసినట్టు ఉంటుంది. ఏ రంగూ దాన్ని సరిగా పట్టుకోదు. ముందు గరుకు కాగితంతో ఆ మెరుపు పోయేదాకా తేలికగా రుద్దాలి. నీళ్ళరంగుకు ఇంకో గుణం ఉంది, తడి తగలగానే కర్ర పీచు పైకి లేస్తుంది. పట్టీ ఆరాక చేత్తో నిమిరితే పిల్లి నాలుకలా గరగరలాడుతుంది. అందుకని రంగు వేయకముందే తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆ పీచును మనమే లేపి, ఆరాక మళ్ళీ రుద్దేయాలి. కయ్యానికి వచ్చేవాణ్ణి మనమే ముందు పిలిచి పంపేసినట్టు.

తరువాత లక్కను స్పిరిట్లో కరిగించిన పాలిష్ ఒక్క పూత పల్చగా వేయాలి. ఇది వేయకపోతే రంగు వెదురు నారల వెంబడి పాకి, పట్టీ అంచు దువ్వెన పళ్ళలా అవుతుంది. పాలిష్ ఆరాక బాణాన్ని తిప్పే మోటారుకు తగిలించాలి. మాది పాత కుట్టుమిషను మోటారు. తిరిగేది బాణం, కదలకుండా ఉండేది మన చెయ్యి. దీన్ని తిరగేసి చేసినవాళ్ళు ఎవరూ మా దగ్గర నెల దాటలేదు.

రంగు చిక్కగా ఒక్కసారి కాదు, పల్చగా రెండుసార్లు వేయాలి. పెద్ద డబ్బా చవకని కొనకండి. నీళ్ళరంగు మూత సరిగా పెట్టకపోతే నెలలోపే గడ్డ కడుతుంది. ఎరుపూ నీలమూ ఒక పూతలోనే కప్పేస్తాయి, పసుపుకు అడుగున తెలుపు వేసుకోవాలి. పట్టీలన్నీ బాగా ఆరాక పైన పల్చటి వార్నిష్ ఒక పూత. ఇది బద్ధకించకూడని పూత. ఈకలు అంటించేది అన్నిటికంటే చివర.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇక్కడ చెబుతాను. నీళ్ళరంగుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి తడిగా ఉన్నప్పుడు మాత్రమే నీళ్ళ మాట వింటుంది, ఒకసారి ఆరిందంటే మళ్ళీ నీళ్ళు పోసినా లొంగదు. రెండోది ఎప్పుడు నీళ్ళు తగిలినా కరిగిపోతుంది. సీసాలో రెండూ ఒకేలా ఉంటాయి. ఆరాక కూడా కంటికి ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేది బొటనవేలే. వెదురు ముక్క మీద రంగు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, బొటనవేలు తడిచేసి గట్టిగా రుద్దాలి. వేలికి రంగు అంటితే ఆ సీసాను మీ ఇంట్లో పిల్లలకిచ్చేయండి. కొబ్బరినూనె రాసుకున్న వేలితో ఇంకోసారి రుద్దండి, ఎందుకంటే మన పిల్లల తలలన్నీ నూనెతో నిగనిగలాడుతుంటాయి, ఆ చేతులతోనే బాణం పట్టుకుంటారు.

ఈ పరీక్ష కనిపెట్టింది నేనే. అది చేయకుండా బాణాలు పంపింది కూడా నేనే.

తెల్లనివన్నీ పాలనుకున్నాను

నందినిది లక్కూరు. వాళ్ళకు రాగి చేనూ కొన్ని మామిడి చెట్లూ ఉన్నాయి. అమ్మ మునియమ్మ ఆవులు చూసుకుంటుంది. నందిని స్కూల్లో విలువిద్య మొదలుపెట్టి, కోలారులో కోచ్ సారు దగ్గర నేర్చుకునేది. ఆ ఏడాది రాష్ట్రం జట్టుకు ఎంపికైతే ఆటల హాస్టల్లో సీటు దొరుకుతుంది. లేకపోతే రోజూ బస్సులో పోయి రావడం ఇక కుదరదని ఇంట్లో ముందే చెప్పేశారు.

ఎంపికకు నాలుగు రోజుల ముందు కోచ్ సారు ఆమెకు కొత్త బాణాలు చేయమన్నాడు. గుర్తు నేనే నిర్ణయించాను: ఎరుపు, తెలుపు, ఎరుపు. అదే కోచ్ దగ్గర నేర్చుకునే ఇంకో అమ్మాయికి అంతకుముందు నెలలోనే రెండు ఎర్ర పట్టీలు వేసి ఇచ్చాను. రెండు గుర్తుల మధ్య తేడా ఒక్క తెలుపే. ఇది నా మొదటి తప్పు. ఒక్క పట్టీ తేడా ఉన్న గుర్తులు ఒకే చోట నేర్చుకునే ఇద్దరికి ఎప్పుడూ ఇవ్వకండి.

ఎరుపు వేశాక తెల్ల డబ్బా తెరిచి చూస్తే గడ్డకట్టి ఉంది. మూత సరిగా పెట్టనిది నేనే. పెయింట్ అంగడాయన పెళ్ళికి పోయి తలుపులు మూసి ఉన్నాయి. పక్కన పిల్లల పుస్తకాల అంగడిలో తెల్లరంగు సీసా కనిపించింది. "ఇది నీళ్ళరంగేనా?" అంటే, "నీళ్ళరంగేనక్కా, పిల్లోళ్ళు బొమ్మలకంతా ఇదే వేసేది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు.

వేశాను. ఎంత తెల్లగా వచ్చిందో. మురిసిపోయాను కూడా. ఒక రోజు ఆగి వేలితో రుద్ది చూడాలి, పైన వార్నిష్ వేయాలి. ఇంతలో కోచ్ సారు మోటారుసైకిల్ మీద వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఆయ్తా అక్కా? అయిపోయిందా? సాకు, ఇంక చాలు, ఇచ్చేయండి, ఆ పిల్ల కొత్త బాణాలు చెయ్యికి అలవాటు చేసుకోవద్దా?" అన్నాడు. మేస్త్రి షెడ్డులో లేడు, ఈకలు నేనే అంటించి ఇచ్చేశాను.

ఎంపిక రోజు సన్నగా తుంపర పడింది. నేను అక్కడ లేను, జరిగింది కోచ్ సారు తరువాత చెప్పాడు. చివరి రౌండులో నందినీ, ఆ రెండో అమ్మాయీ ఒకే టార్గెట్ మీద వేశారు. చెరి మూడు బాణాలు. దగ్గరికెళ్ళి చూస్తే టార్గెట్ మీద అయిదే ఉన్నాయి. ఒకటి తప్పిపోయి గడ్డిలో ఎక్కడో పడింది, ఎంత వెతికినా దొరకలేదు. నాలుగు ఎవరివో తేలింది, నందిని రెంటి మీదా తెలుపు మరకలా కాస్త మిగిలింది, రెండో అమ్మాయి తన మొదటి రెండూ ఎక్కడ గుచ్చుకున్నాయో చూసింది కనుక. అయిదోది నట్టనడుమ పసుపు వలయంలో ఉంది. దాని మీద రెండు ఎర్ర పట్టీలు, మధ్యలో ఖాళీ వెదురు.

ఇది ఎవరిదని పాయింట్లు రాసేవాళ్ళు అడిగారు. ఆ రెండో అమ్మాయి నిజాయితీగా, తెలియదు సార్ అంది. నందిని నాదే అంది. గట్టిగా చెప్పు అన్నారు. నాదే అనుకుంటా సార్ అంది. మళ్ళీ అడిగితే, తెలీదు సార్ అంది. ఆ బాణానికి ఎవరికీ పాయింట్లు వేయలేదు. ఆ పాయింట్లు లేక నందిని జట్టులోకి రాలేదు.

ఎనిమిది రోజులు

మరుసటి రోజు కోచ్ సారు ఆ బాణాన్ని షెడ్డుకు తెచ్చి మేస్త్రి ముందు పెట్టాడు. "ఏం మేస్త్రీ, మీ రంగు పోయిందా?" అన్నాడు.

మేస్త్రి స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "మా సరోజమ్మ వేసిన రంగు పోదు సార్. ఇన్నేండ్లల్లో ఒకటి పోయిండ్లేదు. ఆ పిల్ల తడిగుడ్డతో రుద్ది తుడిచినట్ల ఉండాది, అడగండి" అన్నాడు. ఒకప్పుడు నీళ్ళరంగు గోడకు కొట్టేదన్న మనిషే ఇప్పుడు నా తరఫున ఊరందరితో పోట్లాడడానికి సిద్ధంగా ఉన్నాడు. కోచ్ సారు నమ్మి, బాణం అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

నేను దాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళాను. రెండు ఎర్ర పట్టీల మధ్య, ఈక మొదలు దగ్గర వెదురులో సన్నని గాటు ఉంది. ఆ గాటు లోపల సూదిమొన అంత తెలుపు. తడి అక్కడిదాకా పోలేదు. ఆ బాణం నందినిదే. పసుపులో గుచ్చుకున్నది ఆమె బాణమే, గడ్డిలో పోయింది రెండో అమ్మాయిది.

ఆ క్షణమే చెప్పేసి ఉండాలి. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నా స్టూలు మీద కూర్చుని పట్టీలు గీసుకున్నాను. ఎంపిక అయిపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గేసింది, అంతే. మేస్త్రి అంత గొప్పగా చెప్పాక నోరు రాలేదు. ఎనిమిది రోజులు.

ఎనిమిదో రోజు కోచ్ సారు మేస్త్రికి ఫోను చేశాడు, వేరే బాణాల గురించి. మాటల్లో నందిని సంగతి వచ్చింది. ఫోను పెట్టేశాక మేస్త్రి అన్నాడు, "ఆ లక్కూరు పిల్ల ప్రాక్టీసుకు రాలేదంట. 'నా బాణం యాడ పోతాదో నాకే తెలీలేదు సార్, నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు' అనిందంట. పాపం, మంచి పిల్ల."

అప్పుడు నా కుంచె జారింది. మోటారు తిరుగుతూనే ఉంది, పట్టీ అంతా చెరిగిపోయింది. అంతా చెప్పాను. సీసా చూపించాను, బాణం చూపించాను.

మేస్త్రి కళ్ళద్దాలు పెట్టుకుని బాణం తిప్పి గాటు చూశాడు. రంగు గురించి ఒక్క మాట అనలేదు. "నా నోట్లో అబద్ధం పెట్టించినావే అమ్మా" అన్నాడు. "ఆ బిడ్డ మీద నేను నింద వేసినాను. తెలిసి వేసినా తెలీకుండా వేసినా అది నిందే గదా." తరువాత చొక్కా తొడుక్కున్నాడు. "లే. లక్కూరుకు పోదాం."

పని నేర్పిన పెద్దలు నాకు చాలామంది ఉన్నారు. తప్పు ఒప్పుకోవడానికి నాతో బస్సెక్కిన పెద్ద మాత్రం ఆయనొక్కడే.

లక్కూరు

మాలూరుదాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకోటి. దారంతా నేను ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూనే ఉన్నాను. మేస్త్రి మాత్రం కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ, "ఈ చెట్లకు పాలిష్ కొట్టినారా ఏమి, ఆకులు ఎట్ల మెరుస్తాండాయి చూడు" అంటూ కూర్చున్నాడు. బాణం పేపర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే, పక్క సీటామె అగరుబత్తీల కట్టా అని అడిగింది.

మునియమ్మ వాకిట్లో ఆవులకు గడ్డి వేస్తోంది. నందిని లోపల్నుంచి వచ్చి గడప దగ్గర నిలబడింది. నేను రాసుకున్నదంతా మరిచిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తెల్లరంగు తప్పుది వాడాను. వార్నిష్ వేయలేదు. పరీక్ష చేయలేదు. తెలిసి ఎనిమిది రోజులు దాచాను.

మునియమ్మ గడ్డి కింద పడేసింది. "ఎనిమిది దినాలా?" అంది. "ఎనిమిది దినాలు నా బిడ్డ సరిగా అన్నం తినలేదు తల్లీ. అద్దం ముందర నిలబడి ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూసుకుంటా ఉండె. నేను కండ్ల డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోయినాను. ఆయన కండ్లు బాగుండాయి అంటే, డాక్టరుకే తెలీదని ఈ పిల్ల గలాటా చేసింది. ఒక ఫోను చెయ్యడానికి మీకు చేతులు రాలేదా?"

తిట్టించుకున్నాను. మేస్త్రి కూడా తల దించుకుని, "నేను కూడా తప్పు మాట అన్నానమ్మా, బిడ్డను" అన్నాడు.

నందిని ఇదేమీ విన్నట్టు లేదు. వచ్చి నా చేతిలోంచి బాణం తీసుకుంది. "యాడ ఉండాదక్కా తెలుపు?" అంది. గాటు చూపించాను. లోపలికెళ్ళి సూది తెచ్చి, మొనతో గాటులో గీకింది. తెల్లటి పొడి గోటి మీద పడింది. గోటిని వెలుతురులోకి తిప్పి చూసుకుంది.

"నేను చూసినాను" అంది. "వదిలినాక అది పసుపులోకి పోయేది నేను చూసినాను. అందరూ అడిగేసరికి, చూసిందంతా భ్రమేమో అనిపించింది."

"భ్రమ కాదమ్మా. నీదే" అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. లోపలికెళ్ళింది. అటక మీదినుంచి విల్లు దించుతున్న చప్పుడు వినిపించింది. మునియమ్మ ఆ చప్పుడు విని, కొంగుతో కళ్ళు తుడుచుకుని మా వైపు తిరిగింది. "తిట్టేది ఆయె. రాండి, ముద్ద తినేసి పోండి" అంది. రాగి ముద్ద, ఉలవచారు పెట్టింది. మేస్త్రి రెండో ముద్ద కూడా అడిగి తిన్నాడు.

ఫలితం మారలేదు. తొందరపెట్టి బాణాలు తీసుకెళ్ళిన తప్పూ, నింద నమ్మిన తప్పూ కోచ్ సారు నందినితో ఒప్పుకున్నాడు. పై వాళ్ళకు నేను రాసిచ్చిన కాగితం కూడా తీసుకెళ్ళాడు, కానీ జట్టు అప్పటికే ఖాయమైపోయింది. మునియమ్మ మాత్రం ఇంకో ఏడాది బస్సు పాసు తీసి ఇచ్చింది.

మరుసటి ఎంపిక

మరుసటి ఏడాది బాణాలకు నందిని స్వయంగా షెడ్డుకు వచ్చింది. వెదురు ముక్కల మీద తొమ్మిది రకాల తెలుపు వేయించి, ఒక్కోదాన్నీ తడిపి రుద్ది, ఒకటి ఎంచుకుంది. మేస్త్రి ఆమె వెనక నిలబడి, "ఇంగొక రోజు ఆరనియ్యమ్మా, తొందరెందుకు" అంటూ ఉన్నాడు. గుర్తు పాతదే, ఎరుపు, తెలుపు, ఎరుపు. రెండో అమ్మాయి గుర్తును నేనే పూర్తిగా నీలానికి మార్చేశాను.

ఎంపిక రోజు నేను ఒక పూట సెలవు పెట్టి కోలారు పోయాను. మేస్త్రి గొడుగు ఇచ్చి పంపాడు. తీరా చూస్తే చుక్క వాన లేదు, మాడు పగిలే ఎండ. ఇన్ని తిప్పలు పడింది ఎండ కోసమా అని నిజంగానే కొంచెం నిరుత్సాహపడ్డాను.

నందిని బాణం వేసే గీత దగ్గరికి వెళ్ళబోతూ ఆగింది. సంచిలోని బాణాలన్నీ తీసి ఒక చేత్తో పట్టుకుని, తాగే నీళ్ళ సీసా మూత తీసి, అందరూ చూస్తుండగా ఆ నీళ్ళన్నీ పట్టీల మీద పోసేసింది. పక్కనున్నవాళ్ళు ఈ పిల్లకేమైందని చూశారు. ఆమె వేలితో ఒక్కొక్కటీ రుద్ది, చేతిని ఎండలో తిప్పి చూసుకుని, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. నేను ఎండలో గొడుగు తెరుచుకుని నిలబడ్డాను, ఎందుకంటే నా ముఖం ఎవరూ చూడకూడదనుకున్నాను.

ఆ రోజు ఆమె జట్టులోకి వచ్చింది. అంతా అయ్యాక తడి ఆరిన బాణాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఒక మాట చెప్తే ఏమీ అనుకోరు గదా? ఈ తెలుపు నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. హాస్టలుకు పోయేటప్పుడు పసుపు పట్టీ వేసిస్తారా?"

అన్నేళ్ళు పనిచేశాను, ఒక్కరిని కూడా మీకే రంగు ఇష్టమని అడగలేదని నాకు అప్పుడే తట్టింది. అయినా వృత్తి ధర్మం కొద్దీ చెప్పాను. "వెదురే పసుపు కదమ్మా. దాని మీద పసుపు పట్టీ సరిగా కనబడదు."

"కనబడకపోతే ఏమక్కా," అంది. "ఏది నాదో నాకు తెలుసు గదా."

అంచుకు సన్నగా నల్ల గీత పెట్టి, పసుపే వేశాను.